కేస్ షీట్ ఒకటే, డేటా మాత్రం రెండు రకాలు

ఒకే పేషెంట్ కేస్ షీట్‌ను ఇద్దరి చేతికిచ్చి, "ఈయనకు పొగ తాగే అలవాటు ఉందా?" అని అడగండి. ఒకరు ఉందని రాస్తారు, ఇంకొకరు లేదని రాస్తారు. ఇద్దరూ శ్రద్ధగా చదివినవాళ్లే. అడ్మిషన్ నోట్‌లో "అలవాట్లు: ఏమీ లేవు" అని ఉంది. మూడో రోజు నర్సు రాసిన నోట్‌లో "ఇరవై ఏళ్లు సిగరెట్లు తాగారు, రెండేళ్ల కిందట మానేశారు" అని ఉంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ నింపిన ఫారంలో "అప్పుడప్పుడు" అని ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో అసలు ఆ ప్రస్తావనే లేదు. మొదటివారు అడ్మిషన్ నోట్ దగ్గరే ఆగారు, రెండోవారు మత్తు డాక్టర్ ఫారం దాకా వెళ్లారు. ఎక్సెల్ షీట్‌లో ఒకరి గడిలో 0 పడింది, ఇంకొకరి గడిలో 1 పడింది.

తప్పెవరిది? "సరిగ్గా చదవలేదు" అని మొదటివారిని మందలించడం చాలాచోట్ల జరిగేదే. నా దృష్టిలో అది అన్యాయం, పైగా దానివల్ల సమస్య తీరదు. నోట్లు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు దేన్ని నమ్మాలి, ఎన్నేళ్ల కిందట మానేస్తే "అలవాటు లేదు" కింద వెయ్యాలి, "అప్పుడప్పుడు" అన్నదాన్ని ఎటు వెయ్యాలి అన్నవి వాళ్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పనప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు. మెడికల్ రికార్డుల నుంచి డేటా తీయడమంటే కాగితం మీదున్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి గడి దగ్గరా చదివేవారు ఒక నిర్ణయం తీసుకుంటున్నారు. ఆ నిర్ణయాలకు రాతపూర్వకమైన నియమం లేకపోతే, వేలమంది పేషెంట్లతో చేసిన స్టడీ అయినా దేని మీద నిలబడిందో చెప్పలేం.

రికార్డు రాసింది మన స్టడీ కోసం కాదు

1863లో ఫ్లారెన్స్ నైటింగేల్ ఆసుపత్రుల గురించి రాస్తూ ఒక బాధ వెళ్లబోసుకున్నారు. నిజం తెలుసుకుందామని ఎక్కడెక్కడ అడిగినా, ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొచ్చే ఆసుపత్రి రికార్డు దాదాపుగా దొరకలేదని. ఆ తర్వాత వందేళ్లకు, 1968లో, అమెరికన్ డాక్టర్ లారెన్స్ వీడ్ అదే తలనొప్పిని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. పేషెంట్‌కున్న ఒక్కో సమస్యకూ ఒక్కో వరుసలో నోట్స్ రాయాలని ప్రతిపాదించారు. ఇవాళ చాలా ఆసుపత్రుల్లో కనిపించే "ప్రాబ్లెమ్ లిస్ట్" పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

అయినా ఒక్క సంగతి మారలేదు. డ్యూటీ డాక్టర్ నోట్ రాసేది, తర్వాతి షిఫ్టులో వచ్చే డాక్టర్‌కు పేషెంట్ పరిస్థితి అర్థం కావాలని. నర్సు రాసేది, ఏ మందు ఎప్పుడిచ్చారో తెలియాలని. బిల్లింగ్ విభాగం వేసే కోడ్ డబ్బు లెక్క కోసం. రేపెప్పుడో ఎవరో ఒక పరిశోధకుడు వచ్చి తమ నోట్స్‌లో "గుండెపోటు వచ్చిన కచ్చితమైన సమయం" వెతుక్కుంటాడని వాళ్లలో ఎవరూ అనుకోరు. అనుకోవాల్సిన అవసరం కూడా లేదు, వాళ్ల ముందున్నది పేషెంట్.

కంప్యూటర్ రికార్డులు వచ్చాక చేతిరాత బాధ తప్పింది గానీ కొత్త చిక్కు వచ్చింది. అమెరికాలోని ఒక బోధనాసుపత్రిలో 460 మంది రాసిన 23,630 రోజువారీ నోట్స్‌ను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ నోట్స్‌లోని పాఠంలో కేవలం 18 శాతం మాత్రమే అప్పటికప్పుడు టైప్ చేసినది. 46 శాతం పాత నోట్స్ నుంచి కాపీ చేసినది, మిగతా 36 శాతం ల్యాబ్ రిపోర్టుల వంటి వాటి నుంచి వచ్చి చేరినది. దీని అర్థమేమిటో డేటా తీసేవారి వైపు నుంచి చూడండి. ఐదు రోజుల నోట్స్‌లోనూ "ఛాతీలో నొప్పి ఉంది" అని కనిపిస్తే, ఐదు రోజులూ నొప్పి ఉన్నట్టా, లేక మొదటి రోజు వాక్యమే ఐదుసార్లు అతుక్కున్నట్టా? ఐదుచోట్ల ఉంది కదా అని దాన్ని ఐదు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు.

ఒక్క సమయం రాయడానికి ఎన్ని సమయాలు

తేలిక అనుకునే విషయాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఉదాహరణకు, రక్తంలో ఇన్ఫెక్షన్‌తో వచ్చిన పేషెంట్‌కు యాంటీబయోటిక్ ఎంతసేపట్లో ఇచ్చారో లెక్కగట్టాలి. రెండు సమయాలు తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

రికార్డు తెరిస్తే ఇలా ఉంటుంది. పేషెంట్ రిజిస్ట్రేషన్ 9:40. ఎమర్జెన్సీలో నర్సు మొదట చూసింది 9:32, ఎందుకంటే పరిస్థితి బాగోలేదని ముందు లోపలికి తీసుకెళ్లి, కాగితాలు తర్వాత చేశారు. డాక్టర్ మందు రాసింది 10:05. మందుల చార్టులో "ఇచ్చిన సమయం" 10:30. కానీ ఆ ఎంట్రీని కంప్యూటర్‌లో చేసింది 11:15కి. ఇక నర్సింగ్ నోట్స్‌లో "10:45కి సెలైన్ లైన్ పెట్టాం" అని ఉంది. మందు సెలైన్ లైన్ లోంచే వెళ్లాలి. లైన్ పెట్టకముందే మందు ఎలా వెళ్లింది?

వచ్చిన సమయాన్ని రిజిస్ట్రేషన్ నుంచి, ఇచ్చిన సమయాన్ని మందుల చార్టు నుంచి తీసుకుంటే 50 నిమిషాలు. నర్సు చూసిన సమయం నుంచి కంప్యూటర్ ఎంట్రీ దాకా తీసుకుంటే 103 నిమిషాలు. "గంటలోపు ఇచ్చారా?" అన్నది స్టడీ ప్రశ్న అయితే, ఇదే పేషెంట్ ఒకరి లెక్కలో పాస్, ఇంకొకరి లెక్కలో ఫెయిల్. ఎవరూ అబద్ధం రాయలేదు. పైగా 10:30 అన్న అంకె గుండ్రంగా ఉండటం కూడా ఆలోచించాల్సిందే. చేత్తో రాసే సమయాలు 0, 15, 30, 45 చుట్టూ, బీపీ రీడింగులు సున్నాతో ముగిసే అంకెల చుట్టూ గుంపు కట్టడం చాలాకాలంగా తెలిసిన సంగతే.

ల్యాబ్ రిపోర్టు అంకెలు యంత్రం ఇచ్చినవి కాబట్టి గొడవ ఉండదనుకుంటాం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అంటే, వచ్చిన రోజుదా, ఉన్న అన్ని రోజుల్లో అత్యధికమా, ఇంటికి వెళ్లేముందుదా? యూనిట్ ఏమిటి? కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటరుకు మైక్రోమోల్స్‌లో. మొదటి లెక్కలో 1 అంటే రెండో లెక్కలో దాదాపు 88. ఇంత తేడా ఉంటే ఎవరో ఒకరు పట్టేస్తారు. కానీ 03/04 అని రాసిన తేదీ మార్చిదా ఏప్రిల్‌దా అన్నది ఎవరి కంటికీ అనుమానంగా కనిపించదు, అదే ఎక్కువ ప్రమాదం.

రాయలేదంటే లేనట్టేనా?

ఈ పని మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఖాళీ. కేస్ షీట్‌లో షుగర్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. షుగర్ లేదని రాయాలా, తెలియదని రాయాలా?

చాలా స్టడీల్లో "రాయలేదంటే లేదు" అన్న పద్ధతి పాటిస్తారు. కొన్ని విషయాల్లో అది సబబే. రక్తం ఎక్కిస్తే ఎక్కడో ఒకచోట తప్పకుండా నమోదవుతుంది కాబట్టి, నమోదు లేకపోతే ఎక్కించలేదనుకోవచ్చు. కానీ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ ఉందా, పేషెంట్‌కు నిద్ర పడుతోందా, మద్యం అలవాటుందా వంటివి అడిగితేనే రాస్తారు. అడగాలని ఎప్పుడనిపిస్తుంది? జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడో, డాక్టర్‌కు అనుమానం వచ్చినప్పుడో. అంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవారి రికార్డులు లావుగా ఉంటాయి, లావుగా ఉన్న రికార్డులో ఏదైనా దొరుకుతుంది. అప్పుడు "ఈ అలవాటున్నవారికే జబ్బు ఎక్కువ" అని తేలుతుంది. తేలింది అలవాటు గురించా, రాసిన తీరు గురించా అన్నది డేటా తీశాక ఎవరూ విడదీసి చెప్పలేరు.

అందుకే ఫారంలో "ఉంది", "లేదు" అన్న రెండు గడులు చాలవు. "లేదని రికార్డులో రాసి ఉంది" ఒకటి, "రికార్డులో ప్రస్తావన లేదు" ఇంకొకటిగా వేరు చేసి తీరాలి. తర్వాత విశ్లేషణలో కావాలంటే రెండింటినీ కలపొచ్చు. మొదట్లోనే కలిపేస్తే విడదీయాలంటే కేస్ షీట్లన్నీ మళ్లీ తెరవాల్సిందే.

94 శాతం పొంతన కుదిరితే మంచిదేనా?

ఇద్దరు విడివిడిగా తీసిన డేటా ఎంతవరకు కలిసిందో చెప్పమంటే ముందుగా తోచేది శాతం. ఆపరేషన్ తర్వాత గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చిందా అన్న ప్రశ్నకు 100 కేస్ షీట్లు చూశారనుకుందాం. 92 చోట్ల ఇద్దరూ "రాలేదు" అన్నారు. 2 చోట్ల ఇద్దరూ "వచ్చింది" అన్నారు. 3 చోట్ల మొదటివారు మాత్రమే వచ్చిందన్నారు, ఇంకో 3 చోట్ల రెండోవారు మాత్రమే. మొత్తం మీద 94 చోట్ల జవాబు కలిసింది. 94 శాతమంటే రిపోర్టులో గర్వంగానే రాసుకుంటాం.

ఇప్పుడు ఇంకోలా చూద్దాం. ఇద్దరూ తలా 5 చోట్ల "వచ్చింది" అన్నారు. వాళ్లు కేస్ షీట్లు తెరవకుండానే, నూటికి ఐదింటికి గుడ్డిగా "వచ్చింది" అని టిక్కు పెట్టుకుంటూ పోయినా సగటున 90.5 చోట్ల జవాబులు కలిసిపోయేవి. ఎందుకంటే ఇద్దరూ ఎక్కువగా "రాలేదు" అనే అంటున్నారు. కాబట్టి చదివినందువల్ల వచ్చిన లాభం 94 నుంచి 90.5 తీసేయగా మిగిలిన 3.5 మాత్రమే. రావడానికి వీలున్న గరిష్ఠ లాభం 9.5. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.37. దీన్నే కప్పా అంటారు. 1960లో జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. కప్పా 1 అయితే పూర్తి పొంతన, 0 అయితే గుడ్డిగా టిక్కు పెట్టినదానికీ దీనికీ తేడా లేదు.

అదే 94 శాతం ఇంకో విధంగా కూడా రావచ్చు. 47 చోట్ల ఇద్దరూ "ఉంది", 47 చోట్ల ఇద్దరూ "లేదు", తలా 3 చోట్ల తేడా. అప్పుడు కప్పా 0.88. శాతం మారలేదు, అర్థం పూర్తిగా మారిపోయింది.

అరుదైన విషయాల్లో కప్పా మరీ కింద పడిపోతుందని, అది అన్యాయమని వాదించేవారున్నారు. ఫైన్‌స్టీన్, సిచ్చెట్టి అనే ఇద్దరు 1990లోనే ఈ వింత గురించి వివరంగా రాశారు. వాళ్ల అభ్యంతరంలో నిజముంది. అయినా పై ఉదాహరణలో కప్పాను పక్కన పెట్టి మామూలుగా చూసినా పరిస్థితి మెరుగ్గా లేదు. కనీసం ఒకరైనా "ఇన్ఫెక్షన్ వచ్చింది" అన్న కేసులు 8, అందులో ఇద్దరూ ఒప్పుకున్నవి 2. స్టడీ ఇన్ఫెక్షన్ గురించే అయితే మనకు కావాల్సింది ఆ 8. అందుకే కప్పా ఒక్కటే రాసి వదిలెయ్యకుండా, ఆ నాలుగు అంకెలూ పట్టికగా ఇస్తే చదివేవారు తామే తేల్చుకుంటారు.

కప్పా 0.61 నుంచి 0.80 మధ్య ఉంటే గట్టి పొంతన, ఆపైన దాదాపు సంపూర్ణం అన్న కొలమానం చాలా పేపర్లలో కనిపిస్తుంది. అది లాండిస్, కాక్ 1977లో ఇచ్చింది. ఈ విభజన తాము ఇష్టానుసారం పెట్టుకున్నదేనని వాళ్లే ఆ పేపర్‌లో చెప్పారు. ఆ మాట మాత్రం ఎవరూ ఉటంకించరు. బీపీ, క్రియాటినిన్ లాంటి అంకెలకు కప్పా వాడరు. వాటికి కోరిలేషన్ (రెండు వరుసల అంకెలు ఎంతవరకు కలిసి పెరిగి, కలిసి తగ్గుతాయో చెప్పే లెక్క) చూపించి సరిపెట్టడం కూడా పొరపాటే. ఒకరు ప్రతిసారీ 10 ఎక్కువ రాసినా కోరిలేషన్ మాత్రం నిండుగా 1 వస్తుంది. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ చూపించిన పద్ధతిలో ఇద్దరి అంకెల మధ్య తేడానే గీసి చూస్తే ఆ 10 వెంటనే బయటపడుతుంది.

చూసి రాసేవి వేరు, తూచి రాసేవి వేరు

అన్ని గడులూ ఒకే రకం కాదని చెప్పడానికి హార్వర్డ్ మెడికల్ ప్రాక్టీస్ స్టడీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. న్యూయార్క్ రాష్ట్రంలో 51 ఆసుపత్రుల నుంచి 1984 నాటి 30,000కు పైగా రికార్డులను డాక్టర్లు చదివి, 1991లో ఫలితాలు ప్రచురించారు. వైద్యం వల్లే పేషెంట్‌కు హాని జరిగిందా అన్న ప్రశ్న దగ్గర సమీక్షకుల మధ్య కప్పా 0.61. ఆ హాని నిర్లక్ష్యం వల్లేనా అన్న ప్రశ్నకు వచ్చేసరికి 0.24. చదివింది డాక్టర్లే, చదివింది అవే కాగితాలు. హాని జరిగిన సంగతి కాగితం మీద కొంతవరకు కనిపిస్తుంది. నిర్లక్ష్యం మాత్రం చదివేవారి అంచనా మీద ఆధారపడుతుంది.

2001లో హేవార్డ్, హోఫర్ ఆసుపత్రిలో జరిగిన 111 మరణాల రికార్డులను సమీక్షింపజేసి ఇంకా లోతుకు వెళ్లారు. మంచి వైద్యం అందితే తప్పించగలిగే అవకాశం కాస్తయినా ఉందని సమీక్షకులు భావించినవి సుమారు 23 శాతం. కానీ సమీక్షకుల మధ్య ఉన్న తేడాలను, ఆ పేషెంట్లు ఎలాగూ ఎంతకాలం బతికేవారన్న అంచనాను లెక్కలోకి తీసుకుంటే, మెరుగైన వైద్యంతో మూడు నెలలైనా ఆలోచనాశక్తి సవ్యంగా ఉండి బతికేవారు 0.5 శాతమే అని తేలింది. "వైద్యుల తప్పుల వల్ల ఇన్ని మరణాలు" అంటూ వచ్చే పెద్ద పెద్ద అంకెలు చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే. ఒక్కో కేసును ఎంతమంది చదివారు, వాళ్ల మధ్య పొంతన ఎంత?

పొంతన ముందే తయారవుతుంది

డేటా మొత్తం తీసేశాక చివర్లో కప్పా లెక్కపెట్టడం వల్ల ఏమీ బాగుపడదు. అసలు పని మొదటి కేస్ షీట్ తెరవకముందే ఉంది. ప్రతి గడికీ నిర్వచనం, ఏ కాగితం నుంచి తీసుకోవాలి, కాగితాలు పొసగకపోతే దేనికి పెద్దపీట వెయ్యాలి అన్నవి ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. దాన్ని కోడ్‌బుక్ అంటారు. "పొగ తాగడం: అడ్మిషన్‌కు ముందు 12 నెలల్లో ఒక్కసారైనా తాగినట్టు నోట్స్‌లో ఉంటే 'ఉంది'. వేర్వేరు నోట్స్‌లో వేర్వేరుగా ఉంటే తేదీ, పరిమాణం వివరంగా రాసినదాన్నే తీసుకోవాలి" అని ఒక్క రెండు వాక్యాలుంటే మనం మొదట్లో చూసిన గొడవ తీరిపోతుంది. ఆ 12 నెలలు సరైన గీతా కాదా అని వాదించుకోవచ్చు. ఆ గీత అందరికీ కనిపిస్తోంది కాబట్టే వాదించుకోగలం.

తర్వాత కొన్ని కేస్ షీట్లతో ప్రయోగాత్మకంగా చెయ్యాలి. ఇద్దరూ విడివిడిగా, ఒకరి జవాబు ఒకరు చూడకుండా. తేడా వచ్చిన ప్రతిచోటా కూర్చుని ఎందుకొచ్చిందో మాట్లాడుకోవాలి. అక్కడ తేలిన ప్రతి విషయం కోడ్‌బుక్‌లోకి ఎక్కాలి, తేదీతో సహా. మధ్యలో నియమం మారితే అప్పటికే చేసిన కేస్ షీట్లను మళ్లీ చూడాలి. ఇది అందరికీ విసుగు పుట్టించే పని, అందుకే అందరూ దాటవేసేది కూడా ఇదే. నెలల తరబడి సాగే పనిలో మనిషి తనకు తెలియకుండానే మారతాడు. మొదటి వారం "అనుమానం" అని రాసినదాన్ని ఆరో నెలలో "ఉంది" అని రాస్తాడు. కాబట్టి పాత కేస్ షీట్లు కొన్ని మధ్యమధ్యలో మళ్లీ అతని చేతికే ఇచ్చి చూడాలి.

చదివేవారికి స్టడీ దేన్ని నిరూపించాలనుకుంటోందో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. తెలిస్తే, జబ్బు వచ్చినవారి ఫైలులో కారణం దొరికేదాకా వెతుకుతారు, రానివారి ఫైలు రెండు పేజీలు తిప్పి మూసేస్తారు. కావాలని చేసేది కాదది. రెండు వైపులా సమానంగా జరిగే పొరపాట్లు ఎక్కువసార్లు అసలు సంబంధాన్ని పలచబరుస్తాయి. ఒకవైపే జరిగే పొరపాట్లు లేని సంబంధాన్ని పుట్టించగలవు.

ఇవేవీ కొత్త విషయాలు కావు. 1996లో గిల్బర్ట్, ఆయన సహచరులు అత్యవసర వైద్య పత్రికల్లో అచ్చయిన 244 రికార్డు ఆధారిత పేపర్లను పరిశీలించారు. చదివేవారికి శిక్షణ ఇచ్చామని చెప్పినవి 18 శాతం, ప్రామాణిక ఫారం వాడామన్నవి 11 శాతం, స్టడీ ఉద్దేశం తెలియనివ్వలేదన్నవి 3 శాతం. ఇద్దరి మధ్య పొంతన గురించి ప్రస్తావించినవి 5 శాతమే. ఈ పేపర్ల మీద ఆధారపడి ఎక్కడో ఒక డాక్టర్ మందు మార్చి ఉంటారన్నది తలచుకుంటే కష్టంగా ఉంటుంది.

ఇద్దరూ కలిసే తప్పు రాస్తే?

ఇద్దరూ ఒకటే రాశారంటే అది నిజమని కాదు. రికార్డులోనే కుడికాలుకు బదులు ఎడమకాలు అని ఉంటే ఇద్దరూ ఎడమకాలనే రాస్తారు, కప్పా 1 వస్తుంది. కోడ్‌బుక్ నిర్వచనమే తప్పయితే అందరూ క్రమశిక్షణతో అదే తప్పు చేస్తారు. పొంతన లేకపోతే నిజం చేరలేం, పొంతన ఉన్నంత మాత్రాన చేరినట్టు కాదు. రికార్డును ఇంకో ఆధారంతో, అంటే ల్యాబ్ అసలు రిజిస్టర్‌తోనో, మందుల స్టాక్ పుస్తకంతోనో, వీలైతే పేషెంట్‌తోనో సరిచూస్తేనే రెండో సగం పూర్తవుతుంది.

ఇప్పుడు ఈ పనిని ఏఐకి అప్పగించడం మొదలైంది. యంత్రం అలసిపోదు, ఒకే నియమాన్ని లక్ష ఫైళ్లకూ వర్తింపజేయగలదు, అది నిజంగా గొప్ప సాయం. కానీ పైన చెప్పిన ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి. "న్యుమోనియా ఉందని అనిపించడం లేదు" అన్న వాక్యంలో న్యుమోనియా అన్న మాటను మాత్రం పట్టుకుందా? తల్లికున్న షుగర్‌ను పేషెంట్ ఖాతాలో వేసిందా? దాని కచ్చితత్వాన్ని కొలిచేది మనుషులు తీసిన డేటాతో పోల్చే కాబట్టి, ఆ మనుషుల మధ్యే కప్పా 0.37 ఉంటే "యంత్రం 95 శాతం సరిగ్గా చెప్పింది" అన్న మాటకు అర్థమేమిటో అడగాలి. ఏ వెర్షన్ వాడారు, ఏ సూచనలిచ్చారు, మధ్యలో వెర్షన్ మారితే పాత ఫైళ్లను మళ్లీ చేయించారా అన్నవి కూడా పేపర్‌లో ఉండాలి, మనుషులకు కోడ్‌బుక్ ఉన్నట్టే.